తెరమీద చెడ్డ వదిన.. పుట్టింది మన సోలాపూర్‌లోనే!

బట్టల వ్యాపారి ఇంట పుట్టి.. పదమూడో ఏటికే పాతిక రూపాయలు సంపాదించి.. దేశమంతా తిట్టుకునేలా నటించిన శశికళ కథ

సోలాపూర్: ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో హిందీ సినిమా. దాజీపేఠ్‌లో మా గల్లీ మొత్తానికి టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. చాటల్లో తునికాకు, జర్దా పెట్టుకుని ఆడవాళ్లంతా ఆ ఇంటి ముందరి అర్రలో చేరేవారు. చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి. కండ్లు మాత్రం తెరమీద. హిందీ సగమే అర్థమయ్యేది. అయినా ఒక మనిషి తెరమీదకు రాగానే అర్రంతా కదిలేది. సన్నటి కనుబొమ్మ ఒకటి పైకి లేపి, మెడ వంకర తిప్పి, ఓరగా ఓ చూపు చూసేది. ‘‘అగో వచ్చింది చూడు.. ఇగ ఆ ఇల్లు కూలుడే!’’ అని మా పెద్దమ్మ బీడీకి దారం చుడుతూనే తిట్లు లంకించుకునేది.

ఆ మనిషి పేరు శశికళ. (పేరు వినగానే తమిళనాడు రాజకీయాల్లోకి పోకండి. ఆ శశికళ వేరు.) 1960లలో హిందీ సినిమా చూసిన ప్రతి ఇంట్లో ఆమెకు తిట్లు పడ్డాయి. వదినకు విషం పెట్టినంత పని చేసే ఆడబిడ్డ, కాపురాల్లో నిప్పులు పోసే మహాతల్లి అంటే ఆమే. మా గల్లీ ఆడవాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటుంది. వాళ్లు అంతగా తిట్టిన ఆ మనిషి పుట్టింది ఇదే ఊళ్లో!

భోంగా మోగే ఊరు..

1932 ఆగస్టు 4న సోలాపూర్‌లో శశికళ పుట్టారు. ఇంటిపేరు జవల్కర్. తండ్రి అనంత్‌రావు బట్టల వ్యాపారి, బాగా ఉన్నవాడు. ఆరుగురు పిల్లలు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ.

అప్పటి సోలాపూర్ ఎట్లుండేదో మన పెద్దలు చెప్పగా విన్నదే. 1877లో మొదలైన పాత మిల్లు, ఆ తర్వాత లక్ష్మి, నర్సింగ్‌గిరిజీ, విష్ణు మిల్లులు. పొద్దున భోంగా మోగితే ఊరు లేచేది, సాయంత్రం భోంగా మోగితే పొయ్యి అంటుకునేది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి మగ్గం భుజాన వేసుకుని వచ్చినంత పని చేసిన మన పద్మశాలీలు సాఖర్‌పేఠ్, భద్రావతి పేఠ్, దాజీపేఠ్ గల్లీల్లో అప్పటికే స్థిరపడిపోయారు. శశికళ పుట్టడానికి రెండేళ్ల ముందే, 1930లో, స్వాతంత్య్ర పోరాటం పెట్రేగితే ఇంగ్లిషువాళ్లు ఈ ఊళ్లో మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, కిసన్ సార్డాలను ఉరి తీశారు. ఆ నలుగురి పేర్లూ మన బడి పిల్లలకు ఇప్పటికీ నోటికి వస్తాయి.

‘మరాఠీ ఇంటి పిల్ల కదా, మన పేజీలో ఆమె సంగతెందుకు?’ అనేవాళ్లు ఉండొచ్చు. సోలాపూర్‌లో నేసేవాడు తెలుగువాడైతే అమ్మేవాడు మరాఠీవాడో, కన్నడవాడో, గుజరాతీవాడో. ఒకే పడుగు మీద నాలుగు రంగుల పేక. దుకాణం మూతపడితే మగ్గమూ ఆగుతుంది. జవల్కర్ల ఇంట్లో జరిగింది చదివితే ‘మా ఇంటి ముచ్చటే కదా’ అననివాళ్లు మన పేఠల్లో తక్కువే ఉంటారు.

తమ్ముడు లండన్‌లో.. పిల్లలు పస్తుల్లో..

అనంత్‌రావుకు తమ్ముడంటే ప్రాణం. పెద్ద చదువుకని లండన్ పంపాడు. సంపాదనలో పిల్లలకు దక్కాల్సింది కూడా అటే పోయింది. చదువయింది, తమ్ముడికి మంచి ఉద్యోగమూ వచ్చింది. సరిగ్గా అప్పుడే అన్న వ్యాపారం దివాలా తీసింది. తమ్ముడు అన్న కుటుంబాన్ని మరిచిపోయాడు. ఇదంతా శశికళే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకొన్నారు. ఎవరైనా పిలిచి ఇంత అన్నం పెడతారా అని ఎదురుచూసిన రోజులున్నాయని కూడా చెప్పారు.

అయిదేళ్ల వయసు నుంచే ఆ పిల్ల సోలాపూర్ జిల్లా ఊళ్లలో స్టేజీలెక్కి ఆడేది, పాడేది, వేషాలు కట్టేది. ఉన్నంతకాలం అది ఇంటిల్లిపాదికీ సరదా. లేనప్పుడు అదే బతుకుతెరువు అయింది. ఆరుగురిలో చూడ ముచ్చటైన పిల్ల ఈమె, ఆటాపాటా వచ్చిన పిల్లా ఈమె. బొంబాయి తీసుకెళ్తే సినిమాల్లో పని దొరకదా అనుకున్నారు పెద్దలు. ఇల్లు సర్దుకుని బయల్దేరారు.

ఇక్కడ ఒక్క మాట. ఇంట్లో గడవనప్పుడు మొదట పనికి పోయేది ఎవరు? మన గల్లీల్లో అడిగితే చిన్నపిల్లలే జవాబు చెబుతారు. బడి మాని కార్ఖానాలో కండెలు చుట్టినవాళ్లు, అమ్మ పక్కన కూచుని తునికాకు కత్తిరించినవాళ్లు, కట్టలు కట్టినవాళ్లు ఇప్పుడు నలభై, యాభై దాటినవాళ్లలో ఎందరో. ఎవరి చేతిలో ఏ పని ఉంటే దాన్ని ఇంటికి పెట్టుబడి చేశారు. జవల్కర్ల ఇంట్లో ఆ పెట్టుబడి ఒక పిల్ల మొహం. అంతే తేడా.

మొదటి కూలి రూ.25

బొంబాయిలో సినిమా అవకాశాలేమీ తలుపు తెరుచుకుని కూచోలేదు. శశికళ ఇండ్లలో పనులు చేసింది. స్టూడియో నుంచి స్టూడియోకు తిరిగింది. అట్లా తిరుగుతుండగానే గాయని, నటి నూర్‌జహాన్ కంట పడింది. నూర్‌జహాన్ భర్త షౌకత్ హుసేన్ రిజ్వీ అప్పుడు ‘జీనత్’ తీస్తున్నారు. పిల్ల నచ్చింది. మంచి వేషమే ఇద్దామనుకున్నారు. కానీ నోరు తిరగలేదు! సోలాపూర్ మరాఠీ నాలుకకు ఉర్దూ ఎక్కడ పలుకుతుంది? (హైదరాబాద్‌కు ఉద్యోగాలకు పోయిన మన పిల్లల తెలుగు విని అక్కడివాళ్లు నవ్వుతారు, గుర్తొచ్చిందా?) చివరికి ఆడవాళ్లంతా కలిసి పాడే ఖవ్వాలీలో కూచోబెట్టారు. ఆ ఖవ్వాలీ దేశమంతా మోగిపోయింది. 1945లో సినిమా వచ్చేనాటికి ఆమెకు పదమూడో ఏడు. ముట్టింది రూ.25.

రిజ్వీ దంపతుల అండతోనే ‘జుగ్ను’ (1947)లో వేషం దొరికింది. దిలీప్‌కుమార్, నూర్‌జహాన్ జంట. సినిమా పెద్ద హిట్టు. ఇక దారి పడిందనుకునేలోపే దేశ విభజన. నూర్‌జహాన్ పాకిస్థాన్ వెళ్లిపోయారు. సోలాపూర్ పిల్ల మళ్లీ స్టూడియోల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

1953లో వి.శాంతారాం ‘తీన్ బత్తీ చార్ రాస్తా’లో తీసుకున్నారు. ఒకే ఇంట్లో ఒక్కో కోడలిది ఒక్కో రాష్ట్రం, ఒక్కో భాష. అదీ ఆ సినిమా కథ. చూసినవాళ్లకు మన సోలాపూర్ చాళ్ గుర్తుకొస్తుంది. శాంతారాంకు ఈ ఊరితో అంతకుముందే లంకె ఉంది. చైనా యుద్ధంలో సైనికులకు వైద్యం చేస్తూ ప్రాణం విడిచిన మన ఊరి డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ కథను 1946లో సినిమాగా తీసింది ఆయనే.

రెండో దివాలా

ఇరవై ఏళ్ల ప్రాయంలోనే పెళ్లయింది. భర్త ఓంప్రకాశ్ సైగల్, గాయకుడు కె.ఎల్.సైగల్ బంధువర్గం. ఇద్దరు ఆడపిల్లలు. కిశోర్‌కుమార్‌తో ‘కరోడ్‌పతి’ అని సొంతంగా సినిమా మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి సాగి సాగి 1961లో విడుదలైంది. పేరులో కోట్లు, చేతిలో అప్పులు! తండ్రి దివాలా చూసిన పిల్ల, భర్త దివాలా కూడా చూసింది. అక్కడి నుంచి ఇది చేస్తాను, అది చేయను అనే బేరం లేదు. హీరోయిన్ పక్కన వేషమైనా సరే, హీరోయిన్‌ను ఏడిపించే వేషమైనా సరే.. వచ్చింది చేసుకుంటూ పోయారు.

ఆ కనుబొమ్మ చేసిన పని

శశికళ అందగత్తె కాదని ఎవరూ అనలేదు. సన్నని ఒళ్లు, పెద్ద కండ్లు, తీర్చిన కనుబొమ్మలు, చిన్న గడ్డం, నాట్యం నేర్చిన నడక. నాయిక వేషానికి ఏం తక్కువ? బిమల్‌రాయ్ ‘సుజాత’ (1959)లో నూతన్‌కు చెల్లెలి వరసైన రమగా వేస్తే ఎంత ముద్దుగా ఉన్నారో. కల్లాకపటం తెలియని ఆడపిల్ల. హృషికేశ్ ముఖర్జీ ‘అనుపమ’ (1966)లోనూ గలగలా నవ్వే స్నేహితురాలే. చెడ్డతనం ఆ మొహంలో లేదనడానికి ఈ రెండు సినిమాలు చాలు.

మరి గయ్యాళిగా ఎట్లా మిగిలిపోయారు? 1962లో ఫణి మజుందార్ దర్శకత్వంలో వచ్చిన ‘ఆర్తి’ అందుకు కారణం. మీనాకుమారి, అశోక్‌కుమార్, ప్రదీప్‌కుమార్ లాంటి ఉద్దండుల మధ్య ఉమ్మడి కుటుంబంలో చిచ్చుపెట్టే మనిషిగా శశికళ. గొంతు పెంచలేదు, చేయి ఎత్తలేదు. కనుబొమ్మతో, ఓరచూపుతో, పెదవి చివర నవ్వుతో పని కానిచ్చారు. ఫిలింఫేర్ ఉత్తమ సహాయనటి అవార్డు వచ్చింది. మరుసటి ఏడు ‘గుమ్‌రాహ్’. మళ్లీ అదే అవార్డు. ఇక చెప్పేదేముంది? నిర్మాతలకు ఆ కనుబొమ్మ తప్ప ఇంకేమీ కనిపించలేదు. ‘ఫూల్ ఔర్ పత్థర్’ (1966) వచ్చేనాటికి కురచ చేతుల జాకెట్టు, పైకి దువ్వి కట్టిన జుట్టు, చేతిలో గ్లాసు. తెరమీదకు రాగానే జనం నిర్ణయానికి వచ్చేసేవారు.

ఇది మనకు కొత్త కాదు. కాకినాడ దగ్గర పుట్టిన సూర్యకాంతం కూడా నాయిక కావాలనే మద్రాసు పోయింది. చేతికొచ్చిన నాయిక వేషం కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగిలి పోయిందంటారు. ఆ తర్వాత గయ్యాళి అత్తగా పాతుకుపోయి, ఆడపిల్లకు ఆ పేరు పెట్టుకోవడానికే జనం జంకేంతగా నటించింది.  

‘గుమ్‌రాహ్’ గురించి ఇంకొంచెం చెప్పాలి. బి.ఆర్.చోప్రా సినిమా. పెళ్లయ్యాక కూడా పాత ప్రేమికుణ్ని కలుస్తున్న మాలాసిన్హాను లీల అనే ఆడమనిషి బెదిరించి, డబ్బు గుంజి, నిద్రపట్టకుండా చేస్తుంది. ఆ లీల శశికళ. హాల్లో జనం పళ్లు నూరుతుంటే చివర్లో తేలేదేమిటి? లీల బ్లాక్‌మెయిలరే కాదు. ఆ ఇంటి యజమాని అశోక్‌కుమార్ ఆఫీసులో పనిచేసే సెక్రటరీ. భార్యను దారిలో పెట్టేందుకు ఆయనే ఆ పని పురమాయించాడు. యజమాని చెప్పిన డ్యూటీ చేసినందుకు తిట్లన్నీ ఆమెకు, పెద్దమనిషి తరహా ఆయనకు! సినిమా అవతల కూడా ఆమె బతుకు అచ్చం అట్లాగే నడిచింది. నిర్మాత ఇచ్చిన పని చేశారు. తిట్లు తిన్నారు. ఇద్దరు పిల్లలను పెంచారు.

మనవాళ్లతోనూ..

తెలుగువారి చేతుల మీదుగా వచ్చిన హిందీ సినిమాల్లోనూ శశికళ ఉన్నారు. టి.ప్రకాశరావు దర్శకత్వంలో వచ్చిన ‘హమ్‌రాహీ’ (1963)లో నాయిక మన జమున, హీరో రాజేంద్రకుమార్. అందులో శశికళ వేశారు. బి.నాగిరెడ్డి తీసిన ‘ఘర్ ఘర్ కీ కహానీ’ (1970)కీ ప్రకాశరావే దర్శకుడు, అందులోనూ ఉన్నారు. 1980లో వచ్చిన ‘ఖూబ్‌సూరత్’లో పెత్తనం చేసే అత్త దీనా పాఠక్, కొంటె పిల్ల రేఖ. రేఖ తల్లి పుష్పవల్లి మన తెలుగు నటే. ఆ ఇంటి కోడళ్లలో ఒకరు శశికళ. అప్పటికి వయసు యాభైకి దగ్గర. కనుబొమ్మ అట్లాగే ఉంది, విషం మాత్రం లేదు. అత్తకు తెలియకుండా మేడ మీద ఆటాపాటా సాగించే కోడలిగా ఎంత హాయిగా చేశారో!

మధ్యలో బతుకు కకావికలైంది. భర్తతో కాపురం నిలవలేదు. సినిమాలు వదిలి కోల్‌కతా చేరి, మదర్ థెరెసా ఆశ్రమాల్లో రోగులకు, దిక్కులేనివాళ్లకు సేవ చేశారు. తర్వాత మళ్లీ తెరమీదకు వచ్చారు. అప్పుడు అమ్మ, అమ్మమ్మ వేషాలు. ‘బాద్‌షా’ (1999), ‘కభీ ఖుషీ కభీ గమ్’ (2001)లో కనిపించారు. ‘సోన్ పరీ’ సీరియల్ చూసిన పిల్లలకైతే ఆమె ఒకప్పటి విలనని చెబితే నమ్మరు. 2007లో పద్మశ్రీ ఇచ్చారు. 2021 ఏప్రిల్ 4న, 88 ఏళ్ల వయసులో ముంబయిలో కన్నుమూశారు.

అక్లూజ్ నుంచి ఇంకో పిల్ల

సోలాపూర్ జిల్లా నటి అంటే ఇప్పటి పిల్లలకు గుర్తొచ్చేది మాత్రం రింకు రాజ్‌గురు. 2001లో అక్లూజ్‌లో పుట్టింది. ఇదే జిల్లా కర్మాళా తాలూకా నుంచి వచ్చిన దర్శకుడు నాగరాజ్ మంజుళే 2016లో ‘సైరాట్’ తీసినప్పుడు బడి పిల్ల. వంద కోట్లు దాటిన తొలి మరాఠీ సినిమా అని పేరు తెచ్చుకుంది ‘సైరాట్’. రింకుకు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన దక్కింది.

ఆ పిల్ల రూపం గురించి అప్పుడు పెద్ద చర్చే నడిచింది. చామనఛాయ, నిండైన ఒళ్లు, పొలం గట్ల మీద నడిచే నడక. బుల్లెట్ బండి తోలింది, ట్రాక్టర్ తోలింది. ‘హీరోయిన్ అంటే ఇట్లా కూడా ఉండొచ్చా’ అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. మన ఇండ్లలో ‘నల్లగున్నవ్, ఎండల తిరగకు’ అని తిట్లు తినే ఆడపిల్లలు మాత్రం రెండోసారి కూడా టికెట్ కొనుక్కుని వెళ్లారు.

తెలుగువాళ్లకు ఈ సినిమాతో ఇంకో లంకె ఉంది. ప్రేమికులిద్దరూ పారిపోయి చేరేది హైదరాబాద్! చుట్టూ తెలుగే. ఒక్క ముక్క అర్థం కాక బిక్కచచ్చిన పిల్ల, కార్ఖానాలో పనికి కుదిరి మెల్లగా తెలుగు పట్టేస్తుంది. మన తాతలు అటునుంచి ఇటు వచ్చి మరాఠీ నేర్చుకున్నట్టే, ఆ పిల్ల ఇటునుంచి అటు పోయి తెలుగు నేర్చింది. ఆ సీన్లు చూస్తూ మనవాళ్లు పగలబడి నవ్వారు. కండ్లు తుడుచుకున్నదీ అక్కడే.

పేరొచ్చాక రింకు బడికి పోలేని పరిస్థితి. ఎక్కడికి పోయినా గుంపులు. దాంతో ప్రైవేటుగా కట్టి 2017లో పదో తరగతి పరీక్ష రాసింది, పాసయింది. తర్వాత ఇంటర్ కూడా పూర్తి చేసింది. ‘కాగర్’ (2019), అమితాబ్‌తో ‘ఝుండ్’ (2022), ‘ఝిమ్మా 2’ (2023) లాంటి సినిమాలూ చేసింది. పదమూడేళ్లకు రూ.25 కోసం ఖవ్వాలీలో కూచున్న పిల్లకు పరీక్ష ఫీజు కట్టేవాళ్లు లేరు. ఈ పిల్ల ఇంట్లో ఉన్నారు. శశికళకు లేనిదీ, రింకుకు ఉన్నదీ అది.

‘‘మనూరి పిల్లనా?’’

శశికళ పోయిన వార్త వచ్చిన రోజు మా పెద్దమ్మ ఇంటికి పోయాను. ఎనభై దాటింది. కండ్లు సరిగ్గా ఆనవు. వేళ్లకు మాత్రం అలవాటు పోలేదు, చాట ఒళ్లో పెట్టుకుని కూచునే ఉంది. ‘ఆదివారం సినిమాల్ల నువ్వు తిట్టేదానివి గుర్తుందా, ఆ శశికళ పోయింది. ఆమెది మన సోలాపూరే’ అని చెప్పాను.

‘‘మనూరి పిల్లనా?’’ అని కాసేపు ఊరుకుంది. ‘‘ముందుగాల చెప్పకపోతివి బిడ్డా. గన్ని తిట్లు తిట్టకపోదును.’’

తండ్రి దివాలా తీసిన సంగతి, పస్తుల సంగతి, బొంబాయి సంగతి చెప్పాను. అన్నీ విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

‘‘మొదలు మొదలు ఎంతిచ్చిండ్రు ఆ పోరికి?’’

‘‘ఇరవై అయిదు రూపాయలు.’’

‘‘చేతికే ఇచ్చిండ్రా, నాయన చేతికిచ్చిండ్రా?’’

నా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ తొలి కూలి మాత్రం వాళ్ల నాయన చేతికే పోయిందట. అప్పుడామెకు తొమ్మిదేళ్లు.